ఒకే వరసలో పదకొండు పాటలు: దొనకొండ నుంచి గిద్దలూరు దాకా

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు మార్కాపురం రోడ్ స్టేషన్‌లో దొనకొండకు టికెట్ తీసుకున్నాను. సంచిలో రెండు జతల బట్టలు, నోటుబుక్కు, చెక్క చట్రం ఉన్న పెద్ద పలక, ఒక డబ్బా బలపాలు. పలక ఎందుకో చెప్పాలంటే నిరుడు నాకు జరిగిన అవమానం చెప్పాలి.

ఒంగోలులో ‘ఎర్రదుమ్ము’ అని ఒక రాక్ బ్యాండు ఉంది. నలుగురు మనుషులు. పాటలన్నీ మన మెట్ట ఊళ్ళ మీద సొంతంగా కట్టుకున్నవే. నాకు వాళ్ళంటే ఇష్టం, కోపం వచ్చింది కూడా అందుకే. నిరుడు కంభంలో ఒకసారి విన్నాను, వారం తర్వాత గిద్దలూరులో విన్నాను. అవే పదకొండు పాటలు, అదే వరస. ఐదో పాటకూ ఆరో పాటకూ మధ్య ‘మీ ఊరి ఎండకి నా గిటారు కూడా చెమట పట్టింది’ అనే జోకు కూడా అదే. ఇదేం పద్ధతని పాడే అబ్బాయి సునీల్‌ని అడిగితే, అందరి ముందూ “అంకుల్, రెండుసార్లు రమ్మని మిమ్మల్ని ఎవరు పిలిచారు?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. అంకుల్ అట.

ఈ ఏడు వాళ్ళు దొనకొండ, మార్కాపురం, గిద్దలూరులో వరసగా మూడు సాయంత్రాలు పాడతారని తెలిసి, మూడింటికీ పోవాలని నిర్ణయించుకున్నాను. పిలవకుండానే.

రైల్లో ఎదురు సీటాయన నా ఒళ్ళో పలక చూసి ఊరుకోలేకపోయాడు.

“ఏందన్నా, ఈ వయసులో బడికి పోతుండావా?”

“నేర్చుకోడానికి కాదు, నేర్పడానికి.”

“ఐతే బెత్తం మర్చిపోయినావే” అన్నాడు. ఆయన ముఖం కూడా గుర్తుపెట్టుకున్నాను.

మూడున్నరకల్లా దొనకొండలో దిగాను. స్టేషన్ బయట టీ బాగుంది, వడ చల్లారింది. ఆరింటికి మైదానంలో పాటలు మొదలయ్యాయి. నోటుబుక్కులో నిరుటి పేజీ తెరిచి, ఒక్కో పాటకూ ఒక్కో టిక్కు పెడుతూ పోయాను. ఒక్క గీత కూడా తప్పలేదు. గిటారుకు చెమట కూడా సమయానికే పట్టింది. చివరగా, ఎప్పటిలాగే, ‘మూడొందల అడుగులు’. నీళ్ళ కోసం బోరు వేయించే ఊరి పాట అది. మొదట డ్రమ్ములు ఒక్కటే, బోరు బండి రాతిని కొట్టినట్టు మోగుతాయి.

అయిపోగానే వేదిక వెనక్కి పోయి పలక వాళ్ళ చేతికిచ్చి, పాటల వరస ఏ రోజుకారోజు దీని మీద రాసి చెరుపుకోమన్నాను. సునీల్ నన్ను గుర్తుపట్టాడు.

“మళ్ళీ మీరేనా అంకుల్! చూడండి, గిద్దలూరు వాళ్ళు దొనకొండలో వినలేదు కదా, వాళ్ళకి ఇది మొదటిసారే. పైగా గిటారు శ్రుతి మార్చుకునేది కూడా ఆ వరసలోనే. అది మారిస్తే మధ్యలో ఆగి బిగించుకోవాలి.”

“ఆగితే ఆగండి. మీరు బిగించుకుంటుంటే మేం చూస్తాం. చూడ్డానికే కదా వచ్చింది. మీ చేతులు ఏం చేస్తున్నాయో మీరే వినడం మానేశారు, అదీ నా బాధ.”

డ్రమ్ములు వాయించే అమ్మాయి గ్లోరీ పలక తీసుకుని నిమిరింది. ఆమెది యర్రగొండపాలెం.

“మార్కాపురం పలకే గదా అన్నా! నేను అక్షరాలు దిద్దింది దీని మీదే. మేము లిస్టు ప్రింటు కొట్టి ప్లాస్టిక్కు తొడిగినాం. ఇంగ చెరపబుద్ధి ఎట్ల అయితది? సరే, నువ్వే చెప్పు, ముందు ఏది తీసేద్దాం?”

“ఆ బోరు పాట” అన్నాను. “ఎప్పుడూ చివర అదే.”

ఆ మాట ఎంత తొందరపాటో ఆదివారం దాకా నాకు తెలియలేదు.

దొనకొండ నుంచి బస్సులో మార్కాపురంలో మా ఇంటికి వచ్చి పడుకున్నాను. శనివారం సాయంత్రం మార్కాపురంలో డ్రమ్ముల ముందు నా పలక ఆనించి ఉంది. నాలుగు పాటలు కొత్తవి. ఒకదాని మధ్యలో సునీల్ చరణం మర్చిపోయి గ్లోరీ వైపు చూశాడు, ఆమె నవ్వు ఆపుకోలేక ఒక దెబ్బ తప్పింది, జనం చప్పట్లు కొట్టారు. నిరుటి నుంచి నేను అడుగుతున్నది ఆ చూపే. గిద్దలూరుకు పలక మొత్తం తుడిచి కొత్తగా రాస్తానని గ్లోరీ మాటిచ్చింది. గెలిచాననుకుని ఇంటికి పోయాను.

ఆదివారం ఉదయం తొమ్మిది దాటాక గిద్దలూరు రైలు. వెళ్ళే వాళ్ళు కుడి వైపు కిటికీ పట్టుకోండి, నల్లమల కొండలు చాలాసేపు వెంట వస్తాయి. బస్టాండు దగ్గర లాడ్జిలో గది దొరికింది. బక్కెట్టుకు చిల్లు ఉంది, అడిగితే మార్చారు. గట్టిగా అడగాలి.

నాలుగింటికి హోటల్లో బజ్జీలు తింటుంటే నా బల్ల దగ్గరే ఒక జంట కూర్చుంది. ప్రార్థన ముగించుకుని రాచర్ల నుంచి ఆటోలో వచ్చారట. ఆమె పేరు శాంతమ్మ, మేకలు మేపుకుంటారు. భర్త ఏసోబు నేను పలకరిస్తే పలకలేదు. నేను ముఖం మాడ్చుకోవడం ఆమె చూసింది.

“ఆయనకు చెవులు వినపడవన్నా. పద్నాలుగేండ్లు బోరు బండి మీద పని చేసినాడు. ఆ మోతకు పోయినాయి.”

“మరి పాటల కచేరీకి…”

“ఒక్క పాట కోసరం. ఆ బోరు పాట ఉండాదే, అది ఫోన్లో పెట్టి ఆయన రొమ్ము మీద పెడితే తెలుస్తాదంట. నిరుడు ఈడికే వచ్చినాం. వాళ్ళు దాన్ని ఆఖర్న కొడతారు. ఎనిమిదికి రాచర్ల ఆఖరి ఆటో పోతాది. పాట మొదలు గాకముందే లేచి పోయినాం.” ఆమె ఒక బజ్జీ ఆయన వైపు జరిపింది. “ఈసారి ఆటో పోతే పోనీ, నడుచుకుంటానన్నా పోదామన్నాడు. మొండోడు.”

చేతిలో బజ్జీ పళ్ళెంలో పెట్టేశాను. ఆ పాట చివర్న ఉండి నిరుడు వాళ్ళకు అందలేదు. ఈ ఏడు అసలు లేకుండా చేసింది నేను.

ఐదింటికి మైదానానికి చేరాను. పలక అప్పటికే నిండుగా రాసి ఉంది, పదకొండు పాటలు, కొత్త వరసలో. వాటిలో బోరు పాట లేదు. సునీల్ తీగలు బిగిస్తున్నాడు. జరిగింది చెప్పాను.

“తీసేయమన్నది మీరే కదా అంకుల్” అన్నాడు. ఈసారి నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

“నాదే తప్పు” అన్నాను. ఈ మాట నేను ఇంతకుముందు ఎప్పుడు అన్నానో గుర్తులేదు. ఇలాంటివి నేను మర్చిపోయే మనిషిని కాదు, కాబట్టి అని ఉండను.

గ్లోరీ బలపం నా చేతిలో పెట్టింది. “నువ్వే రాయన్నా. యాడ రాస్తావో రాయి.”

మొదటి వరస తడిబట్టతో తుడిచాను. ‘మూడొందల అడుగులు’ అని రాశాను. చివర కాదు, మొదట. ఆ విషయంలో మాత్రం నేను తగ్గలేదు.

ఆరుంబావుకు మొదలైంది. సునీల్ ఏసోబును సైగ చేసి పిలిచి వేదిక అంచున, పెద్ద స్పీకరు పక్కన నిలబెట్టాడు. ఆయన ఆ స్పీకరు మీద రెండు అరచేతులూ ఆనించాడు. గ్లోరీ కొట్టడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని, వేళ్ళు ముడుస్తూ ఏదో లెక్క పెడుతున్నాడు. పాట చివరికొచ్చేసరికి ఆమె దెబ్బ మారింది, గట్టిగా కొట్టేది కాస్తా లోపల గుల్ల ఉన్నట్టు మెత్తబడింది. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మనిషి, తన గొంతు తనకే వినపడదు కాబట్టి, మైదానమంతా వినేలా అరిచాడు.

“రాయి మారింది! నీళ్ళు పడతాయి!”

గ్లోరీ విన్నది. పాట అక్కడ ముగించాలి. ముగించలేదు. ఆయన ముఖం చూస్తూ ఇంకా లోతుకు పోయినట్టు కొడుతూనే ఉంది. సునీల్‌కి ఎక్కడ అందుకోవాలో తెలియలేదు. గిటారు పట్టుకుని, తలవంచి, నిజంగా విన్నాడు. నా నోటుబుక్కులో ఆ పేజీ ఖాళీగా ఉంది, రాయడం మర్చిపోయాను.

ఏడున్నరకు శాంతమ్మా వాళ్ళూ నిదానంగా ఆటో ఎక్కారు. పలక బ్యాండు వాళ్ళ దగ్గరే వదిలేశాను, బలపాల డబ్బాతో సహా. సునీల్ చెయ్యి కలిపి “మళ్ళీ రండి, ఈసారి పిలుస్తున్నా” అన్నాడు. నిరుటి మాట నేను మర్చిపోలేదు, దాని పక్కన ఇది కూడా రాసుకున్నాను.

సోమవారం ఉదయం రైల్లో కొండలు ఎడమ వైపుకు మారాయి. బ్యాండు వాళ్ళు ఎంత మార్చాలంటే నాకిప్పుడు ఒక లెక్క ఉంది: ఎవరో ఒకరు ఎదురుచూసే పాటను తీసేయకూడదు, అది ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరికీ తెలియకూడదు. ఆ చెమట జోకు మూడు ఊళ్ళలోనూ చెప్పారు, దాన్ని మాత్రం తీసేయవచ్చు.

కంభం దాటాక నా వేళ్ళు కిటికీ ఊచ మీద కొడుతున్నాయని పక్కనున్న పెద్దాయన అనేదాకా గమనించలేదు.

“ఏంది నాయనా ఆ మోత?”

“బోరు వేస్తున్నాం పెద్దాయనా.”

ఆయన కాసేపు విన్నాడు. “నీళ్ళు పడినాయా?”

“పడ్డాయి” అన్నాను.