గరుడ ముద్ద కోసం కొట్లాట

మా అక్కకు పిల్లలు వద్దు. బావకు కావాలి. ఈ తగాదాకు వాళ్ళింట్లో అప్పటికే ఒక మిక్సీ, పడగ్గది తలుపు గడియ బలయ్యాయి.

మొదటి కడుపు ఆరో నెలలో పోయింది. దివిసీమ నుంచి బందరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆటో అంతా రక్తం. అప్పుడు బావ సముద్రం మీద వేటలో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఆటో కడిగేశారు. అందుకే ఆయనకు ధైర్యం ఎక్కువ.

మొన్న గుడివాడలో చీర కొంటానని మమ్మల్ని బయల్దేరదీసి, దారిలో ఒక గుడి దగ్గర దింపేశాడు. ఆ రోజు అక్కడ ధ్వజారోహణం. గరుత్మంతుడికి నైవేద్యం పెట్టి పంచే ముద్ద తింటే పిల్లలు పుడతారని నమ్మకం. ఆడవాళ్ళు కొంగు పట్టి నిలబడితే, మగవాళ్ళు మోచేతులతో భక్తి చూపిస్తున్నారు.

చివరి ముద్ద ఇంకొకాయన చేతిలో పడింది. బావ ఆయన మెడ పట్టుకున్నాడు. ఆయన బావ మూతి పగలగొట్టాడు. నేను విడదీశాను, అంటే ఇద్దరి దెబ్బలూ తిన్నాను. చివరికి ఆయన కింద, ముద్ద బావ గుప్పిట్లో.

"తిను" అన్నాడు బావ.

అక్క ఆ ముద్ద తీసుకుని, దెబ్బలు తిన్నాయన భార్య కొంగులో పెట్టింది. ఆవిడ ఏడుస్తూ కూడా కొంగు దించలేదు.

బావ అక్కను చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకు డోలు ఆగిపోయిందని తర్వాత ఊరంతా చెప్పుకున్నారు. ఆగలేదు, నేనక్కడే ఉన్నాను. అక్క తిరిగి కొట్టింది. చేపల గంపలు మోసిన చెయ్యి. బావ తనకు తానే కూర్చున్నట్టు నేల మీద కూర్చున్నాడు.

బస్టాపులో బావ రక్తం ఉమ్ముతూ అడిగాడు. "అసలెందుకే వద్దంటావు?"

"ఇన్నాళ్ళకు అడిగావా. మళ్ళీ అలా అయితే చచ్చిపోతాను. భయం నాకు."

బావ నావైపు తిరిగాడు. "అంత రక్తం పోయిందేంట్రా?"

"కడిగినా పోక సీటు మార్చారు బావా."

కాసేపు ఉమ్మడం మానేసి, "సర్లే, ఇప్పటికి వద్దులే" అన్నాడు.

"ఇప్పటికి కాదు, ఎప్పటికీ" అని అక్క బందరు బస్సెక్కింది. బావ కిటికీ కమ్మీ పట్టుకుని ఏదో అనబోయాడు. మూతి వాచి మాట రాలేదు. నేను రెండు టిక్కెట్లే తీసుకున్నాను.