రూల్సు సారు కాళ్ళకి నీళ్ళు

ఆ రోజుల్లో అంటే రాజుల కాలమేమీ కాదు, ఆఫీసులో సర్వరు పనిచేస్తే మహాభాగ్యం అనుకున్న నిన్నమొన్నటి రోజులే. అరకు కొండల్లో ఒక పంచాయతీ ఆఫీసులో నాకు మొదటి ఉద్యోగం. ఇరవై మూడేళ్ళ వయసు, మెడలో ఐడీ కార్డు, అర్జీలు రాసి లోకాన్ని బాగుచేసేద్దామన్న పొగరు. (ఆ కార్డు నిద్రలో కూడా తీసేదాన్ని కాదని మా అమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.) అప్పటి నా ఘనకార్యాలు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఈ ఒక్కటి తలుచుకుంటే మాత్రం ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది.

నేను అద్దెకున్నది మిరియాల మామ్మ ఇంట్లో. పెరట్లో చెట్లకి మిరియాల తీగలు పాకించి అమ్ముకునేది కనుక ఊరంతా అలాగే పిలిచేది. రెండు మోకాళ్ళూ పాడైపోయి, గడప దాటాలన్నా గోడ పట్టుకునేది. ఆ ఏడు మిరియాలు అమ్మిన డబ్బు, విశాఖ పెద్దాసుపత్రిలో మోకాళ్ళు చూపించుకోవడానికని బియ్యం డబ్బాలో దాచుకుంది. ఆ డబ్బు వసూలు చేసుకుపోయిన మహాతల్లిని నేనే. మీటర్లు లేని ఊరు, కుళాయికి ఇంత అని నీటి పన్ను, అంతే. ఊరి మోటారు కాలిపోయి, ఇంటి మీది టాంకీ ఎండిపోయి, రెండేళ్ళుగా ఆ కుళాయి చుక్క రాల్చలేదు. మామ్మ దాని దిమ్మకి మేకని కట్టుకునేది. ఊరందరికీ కిందున్న గెడ్డే (కొండవాగు) దిక్కు. అయినా బాకీ కట్టకపోతే నోటీసు వస్తుందని చెప్పమన్నారు, చెప్పాను. పాపం, భయపడి మొత్తం ఇచ్చేసింది.

“రసీదు ఇచ్చినావు సరే, నీళ్ళేయే గుంటా?” అని అడిగింది ఆ సాయంత్రం. నాకు అన్నం సహించలేదు. మర్నాడే డబ్బు తిరిగివ్వమని అర్జీ రాశాను. (వసూలు రసీదు మీద సంతకం నాదే, ఆ వసూలు అన్యాయమన్న అర్జీలో మామ్మ వేలిముద్ర పక్కన సాక్షి సంతకమూ నాదే. ఆఫీసంతా పడీ పడీ నవ్వారు.)

మా పైఅధికారిని అందరూ రూల్సు సారు అనేవారు. “మీటరే లేనప్పుడు నీళ్ళు రాలేదనడానికి రుజువేదమ్మా?” అన్నారాయన. “మీరే వచ్చి కుళాయి తిప్పి చూడండి సార్” అన్నాను. మూడు నెలలు వెంటపడితే గురువారం వస్తానన్నారు. పరుగున వచ్చి మామ్మకి చెప్పాను.

“అంత పెద్దోడు మనింటికే! ఓలమ్మా!” అంది మామ్మ. అక్కడే నేను ఆగి ఆలోచించవలసింది. కొండమీద ఇంటికి ఎవరొచ్చినా ముందు కాళ్ళకి నీళ్ళిస్తారు. ఇవ్వలేకపోతే ఆ ఇంటికి తలవంపులు. ఈ సంగతి తెలిసి కూడా నాకు తట్టలేదు.

గురువారం సారు వచ్చారు. నేను ప్లీడరులా చెయ్యి చాచి “తిప్పండి సార్” అన్నాను. తిప్పారు. బుస్సుమని గాలి, ఆ వెనకే ధారగా నీళ్ళు! సారు తాపీగా కాళ్ళు కడుక్కుని, దోసిలి పట్టి తాగి, “ఎంత చల్లగా ఉన్నాయో!” అన్నారు. గుమ్మంలో మామ్మ మురిసిపోతోంది. నేను తేరుకునేలోగా ‘సరఫరా సంతృప్తికరం’ అని రాసేసి జీపెక్కారు.

“ఏం చేశావు మామ్మా?”

“ఏటి సేత్తాను? నువ్వు ఆపీసుకెల్లగానే గెడ్డలోంచి మోసుకొచ్చి టాంకీలో పోసినాను. పన్నెండు బిందెలు. మా మరదలు నిచ్చెన పట్టింది. ఆయన తిప్పితే నీళ్ళు రాకపోతే ఎవులి పరువు పోద్ది?”

“రావని చూపించడానికే కదా ఆయన్ని పిలిచాను!”

“రావని కాయితం మీద రాసినావు కదే. అది సదువుకోనేదా ఆయన?”

ఒళ్ళు మండిపోయి, ఇంటి ఓనరన్న గౌరవం కూడా లేకుండా అరిచాను: “అది నీ మోకాళ్ళ డబ్బు మామ్మా!” అప్పుడు ఆవిడ మొహం వాడిపోయింది. అరుగు మీద కూలబడి కాళ్ళు రెండు చేతులతో నొక్కుకుంది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఆఫీసుకెళ్ళి జరిగింది చెబితే, “కళ్ళారా చూశానమ్మా, తాగాను కూడా” అన్నారు రూల్సు సారు. నా జీతంలోంచి ఇస్తానంటే మామ్మ ఒప్పుకోలేదు. “నీ డబ్బులు నాకెందుకే. తీసుకున్నోళ్ళే ఇయ్యాల” అంది. ఆ చలికాలానికి మంచం దిగలేకపోయింది. గెడ్డ నుంచి నీళ్ళు నేనే తెచ్చేదాన్ని. సగం బిందె నా ఓణీ మీదే ఒలకబోసుకుని వస్తుంటే, మంచం మీంచి పకపకా నవ్వేది. బదిలీ అయ్యాక రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను. మూడోసారి వెళ్ళేసరికి ఆవిడ లేదు.

ఇప్పుడు నేనూ తనిఖీలకి వెళ్ళే హోదాకి వచ్చాను. ఏ ఊరికైనా చెప్పాపెట్టకుండా వెళ్తాను. “ముందర సెప్పి రావాల గదమ్మా, కాళ్ళకి నీళ్ళయినా లేవు” అని ఆ ఇంటి ఆడవాళ్ళు సిగ్గుతో చితికిపోతారు. నేను కుళాయి తిప్పి, రాలేదని రాసుకుని, దుమ్ముకాళ్ళతోనే తిరిగొచ్చేస్తాను. మర్యాద తెలియని మేడమని కొండమీద నాకు పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా లోపల్లోపల కాస్త మురిసిపోతాను కూడా.