పత్తిపువ్వుకు ఆదివారం లేదు

డిగ్రీ మూడేళ్లూ నేను ఎనిమిదింటికి ముందు లేచిన పాపాన పోలేదు. వనపర్తిలో మా కాలేజీ ఇంటికి కూతవేటు దూరం. మొదటి పీరియడ్ బాటనీ సగం నిద్రలోనే వినేదాన్ని. మధ్యాహ్నం ఇంటికొచ్చి, అన్నం తిని, మళ్లీ పడుకునేదాన్ని. "దీన్ని కట్టుకునేటోడు మంచం ఒక్కటి కొంటే చాలు, ఇల్లు అక్కర్లేదు" అనేది మా అమ్మీ. అలాంటిదాన్ని గద్వాల పక్క పల్లెలో సీడు పత్తి కంపెనీకి ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా పోతానంటే మా ఇంట్లో నవ్వని మనిషి లేడు.

మా నాన్న, అబ్బా, మాత్రం నవ్వలేదు. ఆయన టైలర్. మిషను తొక్కడం ఆపి, కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి, "రంజాన్ పండుగ దాంక చూస్త. నిలబడితివా, సంతోషం. లేకుంటే వాపస్ వచ్చి నోరు మూసుకొని బీఎడ్‌ల చేరు" అన్నారు. నాకు బీఎడ్ అంటే ఒళ్లుమంట. మా చుట్టాల్లో చదివిన ప్రతి ఆడపిల్లనూ బీఎడ్‌లోకే తోసేవాళ్లు. నేను పోను, నిలబడి చూపిస్తాను అని ఒట్టు పెట్టుకొని పెబ్బేరు మీదుగా గద్వాల బస్సెక్కాను.

సీడు పత్తి అంటే ఆ పక్కవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు ఒక్క మాట. చేనులో కొన్ని ఆడ సాళ్లు, కొన్ని మగ సాళ్లు ఉంటాయి. ఆడ మొక్కకు రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ మధ్యాహ్నమే గుర్తుపట్టి, బొటనవేలి గోరుతో దాని రేకులూ పుప్పొడీ గిల్లేయాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి దాని మీద రాయాలి. ఆ రాసిన కాయలోదే సీడు. గిల్లకుండా ఒక్క మొగ్గ తప్పించుకుందా, అది తనంతట తాను విచ్చుకొని, తనంతట తాను కాయ కడుతుంది. ఆ గింజ మంచి గింజల్లో కలిస్తే సీడంతా చెడినట్టే. ఇవాళ గిల్లాం కదా అని రేపు ఊరుకుంటే కుదరదు, రేపటికి వేరే మొగ్గలు తయారు. రెండు నెలలపాటు పువ్వుకు ఆదివారం లేదు, జ్వరం లేదు, చుట్టాలు లేరు. పది పన్నెండు మంది ఆడవాళ్లు గిల్లుతూ పోతుంటే వాళ్ల వెనక సాలుసాలూ చూసుకుంటూ పోవడం నా ఉద్యోగం.

చీకటితో లేవాలి. దీపాలు పెట్టే వేళకు రావాలి. మొదటి వారం నా కాళ్లు నావి కావు. రెండో వారం మెడ కూడా నాది కాదు. ఒకరోజు పొద్దున పువ్వు రాసే వేళ గట్టు మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నోరు తెరిచి నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి ఆడకూలీల ముఠా అంతా చుట్టూ నిలబడి నవ్వుతోంది. మేస్త్రి పెద్దమ్మ చేతిలో మగ పువ్వు పట్టుకొని ఉంది. ఆ ముఠాకు పెద్ద ఆమే, ఒక సీడు చేనూ ఆమెదే.

"లే బిడ్డా, లే! జరసేపైతే నీ మీద గూడ పువ్వు రాసిపోదుము. మాపటికి కాయ గాస్తువు" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. అదే సమయానికి మా ఇన్‌ఛార్జ్ జీపు దిగాడు, నా ఖర్మ. అంతా చూశాడు. తిట్టలేదు. "ఇప్పుడే గిట్లుంటే ఎట్లమ్మా? పువ్వు ముమ్మరంగ ఉరికే టైమొస్తది, అప్పటికి నువ్వుండవు. నీకంటె ముందు మగపిలగాండ్లే పరారయిండ్రు" అన్నాడు. తిడితే పడుండేదాన్నేమో. నేనుండనని అంత చల్లగా తేల్చేశాడే, ఆ మాట కారం రాసినట్టు మండింది.

నేను అద్దెకున్నది ఒకామె ఇంటి ముందు గదిలో, ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేదాన్ని. భర్త పోయాక ఆమె కౌలుకు పొలం పట్టి, ఆడబిడ్డలతో కలిసి తనూ మా కంపెనీకే సీడు పత్తి వేసింది. ఆ సాయంత్రం గదిలో తలుపేసుకొని ఏడుస్తుంటే ఆమె తలుపు తోసుకొని వచ్చి, జొన్నరొట్టె పళ్లెం ముందు పెట్టి, "ఏడ్వు బేటీ, నేనొద్దంటలేను. తిని ఏడ్వు. ఖాళీ కడుపుతోని ఏడిస్తే తలకాయ నొస్తది" అంది. తిన్నాను. తిన్నాక ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది.

రంజాన్ నెల మొదలైంది. రోజా ఉపవాసం ఉండి ఎండలో ఎలా తిరుగుతావని అమ్మీ ఫోన్‌లో ఒకటే గోల. నిజం చెప్పాలంటే నన్ను నిలబెట్టింది ఆ రోజాలే. సహరీకి ఎలాగూ లేవాల్సిందే. లేచి, తిని, నమాజు చేసుకొని నడిస్తే చేను చేరేసరికి వెలుతురు వచ్చేది. మధ్యాహ్నం వాళ్లు సద్దులు విప్పే వేళ నాకు తిండి పని లేదు కనుక వేపచెట్టు కింద హాయిగా కునుకు తీసేదాన్ని. ఇక దొంగ నిద్ర అక్కర్లేదు. పది రోజులు గడిచేసరికి చూసుకుంటే కాళ్ల నొప్పి లేదు. ఆకుల మధ్య దాక్కున్న మొగ్గ దూరం నుంచే కనబడుతోంది. "అగో, సూపర్‌వైజరమ్మకు గద్దకండ్లొచ్చినయ్" అంది పెద్దమ్మ. కాలేజీలో నన్ను ఎవరూ అంత మెచ్చుకోలేదు.

అప్పుడొచ్చిపడింది అసలు సంకటం. ఆ ఏడు పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, రంజాన్ పండుగ పక్కపక్కనే పడ్డాయి. పెత్రమాసనాడు పెద్దలకు బియ్యం ఇచ్చుకోవాలి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడాలి. పెద్దమ్మ ముందే చెప్పేసింది: "పొద్దుగాల పువ్వు రాసిపోతం. పగటీలి మొగ్గ గిల్లనీకి మాత్రం ఎవ్వరం రాము. పెద్దలు యాడాదికొక్కసారి ఒస్తరు, వాళ్లను వాకిట్ల నిలబెట్టి చేన్లకు రావాల్నా?"

ఇన్‌ఛార్జ్‌కు ఫోన్ చేశాను. "పండుగ గిండుగ నాకు తెల్వదు. ఆ పూట గిల్లకుంటే తెల్లారి చేనంత విచ్చుకుంటది. రంజాన్ నాటికే పైవోళ్లు చేండ్లు చూడనీకి వస్తుండ్రు. ఆడ సాల్ల ఒక్క పువ్వు దొరికినా నీ నౌకరీ నా చేతుల ఉండదు" అని ఫోన్ పెట్టేశాడు. అంటే పండుగ రోజుకి నా రెండు లెక్కలూ ఒకేసారి తేలతాయి, అతని దగ్గరా, అబ్బా దగ్గరా.

ఆ సాయంత్రం ఇఫ్తార్ దగ్గర ఖాలా కూడా అదే పాట. "రంజాన్ ఈదునాడు మా చేను ఎవరు చూడాలె? మావోళ్లంత ఇంట్లనే ఉంటరు. యా అల్లా, పరేషాన్ ఉంది." ఖర్జూరం నోట్లో పెట్టుకున్నదాన్ని అలాగే ఆగిపోయాను. ఆ పల్లెల్లో బదులు అని ఒక పద్ధతి ఉంది. నువ్వొక రోజు మా చేన్లో చెయ్యి, నేనొక రోజు మీ చేన్లో చేస్తా. చేతికి చెయ్యే, రూపాయి మాట రాదు. కలుపుకీ కోతకీ బదులు ఉన్నప్పుడు పండుగకు ఎందుకు ఉండకూడదు? రంజాన్ నెల అని చేను పని మానేసిన ముస్లిం ఆడవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. అందరి గోళ్లూ మొగ్గ గిల్లి అలవాటైనవే. పెత్రమాస మధ్యాహ్నం వీళ్లు, ఈదునాడు వాళ్లు!

అనుకోవడం సులువే. ఖాలాకూ పెద్దమ్మకూ మాటల్లేవు. ఎండాకాలంలో ఖాలా మేక పెద్దమ్మ పెరట్లో దూరి ఆకుకూర మొత్తం మేసిందట. నేను అటూ ఇటూ తిరిగాను.

"ఆమెతోనా బదులు? ఆమె మేకను కట్టేసుకుంటే చాలు" అంది పెద్దమ్మ.

"మేకకు పెరడు ఎవరిదో ఏం తెలుసు? పెద్దమ్మకు తెల్వాలె, తడిక కట్టుకోవాలె" అంది ఖాలా.

మూడోసారి తిరిగేసరికి నాకు తిక్క రేగింది. ఇద్దరినీ గట్టు మీదికి పిలిపించి అరిచాను: "మేక పంచాయతీ పండుగలైనంక పెట్టుకోండి! మేక కూడా ఇప్పటికి ఆ సంగతి మర్చిపోయింది. మొగ్గలు మీకోసం ఆగుతాయా? ఆమె పెద్దలు ఆకలితో పోతారు, ఈమె ఈదు చేన్లో గడుస్తుంది, నేను బీఎడ్‌కు పోతా. ముగ్గురం మునుగుదామా, చెప్పండి!"

నేను అరవగలనని నాకే తెలియదు. ఇద్దరూ నన్నే చూశారు. పెద్దమ్మ మెల్లగా నవ్వింది. "ఒక్క పూటకు ఒక రోజంత బదులా?" అని బేరం మొదలుపెట్టి, తనే మళ్లీ, "సరే తియ్, నీళ్లు గూడ ముట్టకుండ చేస్తున్రు గద. చెల్లుకు చెల్లు" అంది. ఆకాశం వైపు చూసి, "ఏం చంద్రుడో ఏమో! ఆయన పోయిననాడు మాకు పండుగ, ఒచ్చిననాడు మీకు పండుగ" అంది. ఖాలాకు నవ్వు ఆగలేదు.

పెత్రమాస మధ్యాహ్నం ఖాలా తన చేను ఆడబిడ్డలకు వదిలి వచ్చింది, ఆమె వెనక ఆడవాళ్లు కొంగులు నెత్తి మీదికి లాక్కొని పెద్దమ్మ చేన్లోకి దిగారు. ఎండ మాడ్చేస్తోంది. ఎవరి పెదవి మీదా తడి లేదు. నేను సాలు వదలకుండా వెనకే తిరిగాను. ఒకరు అలసి కూర్చుంటే వాళ్ల సాలు నేను అందుకున్నాను. గోరు పగిలి మంట పెట్టింది, పెడితే పెట్టిందిలే అనుకున్నాను. పొద్దు వాలేసరికి చివరి సాలు అయింది. ఊళ్లోంచి బతుకమ్మ చప్పట్లు వినబడుతుంటే మేం గట్టు మీద కూర్చొని రోజా విప్పాం. అంతలో పెద్దమ్మ పట్టుచీరలో, గట్ల మీద పడుతూ లేస్తూ వచ్చింది. బతుకమ్మకు చేసిన నువ్వుల సత్తుపిండి ఉన్న గిన్నె ఖాలా ఒళ్లో పెట్టి, "మేకకు పెట్టకు" అని చెప్పి, గిరుక్కున తిరిగిపోయింది.

తర్వాత రెండు సాయంత్రాలు ఊరంతా మిద్దెలెక్కింది. నెలవంక కనబడితేనే మర్నాడు ఈదు, అంటే బదులూ మర్నాడే. అందుకని పెద్దమ్మ ముఠా కూడా ఎక్కింది. మొదటి సాయంత్రం ఏమీ లేదు. రెండో సాయంత్రం పెద్దమ్మే ముందు అరిచింది: "అగో! సన్నగ, గోరు తీర్గ!" మసీదు మైకు కంటే ముందు ఊరికి ఈదు చెప్పింది ఆమే.

ఈదునాడు పొద్దున అబ్బా కుట్టి బస్సులో పంపిన ఆకుపచ్చ సల్వార్ వేసుకొని చేనుకు పోయాను. ఖాలా చేను నిండా పెద్దమ్మ ముఠా పువ్వు రాస్తోంది. జీపు వచ్చింది. పైవాళ్లు ఇద్దరు, మా ఇన్‌ఛార్జ్. వాళ్లు ఆకులు విప్పి విప్పి చూశారు. పెద్దమ్మ చేను అయింది. ఖాలా చేను సగం అయింది. నేను వాళ్ల వెనకే నడుస్తూ మిగిలిన సాళ్లు లెక్కపెడుతున్నాను.

"ఇదేంది?" అన్నాడు వాళ్లలో పెద్దాయన. ఆడ సాలు మధ్యలో, నిక్షేపంగా విచ్చుకున్న పువ్వు.

ఇన్‌ఛార్జ్ నన్ను చూడలేదు, చెప్పుల వైపు చూసుకున్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చొని, ఆ పువ్వు కొమ్మను పట్టుకొని కిందికి పాకించుకుంటూ పోయాను. కొమ్మ పక్క సాలులోకి పోయింది. మొదలు మగ సాలుది! గాలికి వాలి ఇటువైపు దూరిందంతే.

"మగ సాలు కొమ్మ సార్, చూడండి" అన్నాను.

వెనక నుంచి పెద్దమ్మ, "ఆడోళ్ల నడుమ తలకాయ వెట్టుడు మగోళ్లకు అలవాటే గద సార్" అంది. చేనంతా ఒక్కసారి గొల్లుమంది. ఆ పెద్దాయనా నవ్వాడు. మిగిలిన చేనులో ఒక్కటంటే ఒక్క పువ్వు దొరకలేదు.

ఇన్‌ఛార్జ్ నన్ను పక్కకు పిలిచాడు. "నీకు తెలుసా, పెత్రమాస దెబ్బకు పక్క ఊరి చేండ్లన్ని పోయినయ్. ఆ ఊరు గూడ నువ్వే చూడాలె. రేపు పొద్దుగాల ఆడికి రా."

రెండు నెలల కింద నేనైతే తల ఊపేసేదాన్ని. "వస్తా సార్. కాని రేపు కాదు, ఎల్లుండి" అన్నాను. "ఇవాళ నా పండుగ, రేపు మా ఇంట్లో ఉంటా. రేపటిదాకా నా చేండ్లు పెద్దమ్మ చూస్తానంది, దానికి బదులు బతుకమ్మ చివరి రోజు పని నేను ఆమెకు బాకీ. కొత్త ఊళ్లో కూడా పండుగలకు బదులే పెడతా. ఇప్పుడు గద్వాల బస్టాండ్ దాకా జీపులో దింపండి."

అతను జీపు వైపు చెయ్యి చూపించి, "ఎక్కు తల్లీ" అన్నాడు.

సాయంత్రం అసర్ నమాజు వేళకు వనపర్తిలో ఇంటి గడప ఎక్కాను. ఎండకు నల్లబడి, గోళ్లు పగిలి ఉన్న నన్ను చూసి అమ్మీ ఏడుపు అందుకుంది. అబ్బా పండుగ కుట్టుపనికి నెలంతా కంటి మీద కునుకు లేక గోడకు ఒరిగి ఉన్నారు. "ఏమైంది? ఉందా, పోయిందా?" అన్నారు.

"ఉంది అబ్బా. ఇంకో ఊరు గూడ ఇచ్చిండ్రు."

ఆయన నా చెయ్యి తీసుకొని, పగిలిన గోరు మీద తన సూదిపోట్ల వేలితో మెల్లగా రాశారు. అంతలో అలాయ్ బలాయ్‌కి పక్కింటి చాచా వచ్చాడు. అబ్బా లేచి అతన్ని కౌగిలించుకొని, వీధికంతా వినబడేలా, "మా బిడ్డకు నాలుగు ఊళ్ల పత్తి అప్పజెప్పిండ్రు భాయ్!" అన్నారు.

"రెండే అబ్బా" అన్నాను నేను.

"నువ్వు సప్పుడు చెయ్యకు. పండుగపూట ఎక్కువ చెప్తే తప్పులేదు, తక్కువ చెప్పొద్దు" అన్నారు అబ్బా.