ఒక గడ్డకు సూది, రెండో గడ్డకు పొడి

ఆ ఆదివారం ఉదయం ఇంటి వెనక కుళాయి దగ్గర సేటుకు స్నానం చేయిస్తున్నాం. సేటు అంటే మా లాబ్రడార్, పదకొండేళ్లవాడు. ఆ పొట్ట, ఆ నడక, ఎవరు పలకరించినా సగం కన్నే తెరిచే పద్ధతి చూసి వీధివాళ్లే ఆ పేరు ఖాయం చేశారు. వాడికి స్నానమంటే వడ్ల లారీని కడిగినట్టే. రెండు సబ్బులు, ఇరవై బకెట్లు, వారం రోజుల నడుం నొప్పి.

సబ్బు రుద్దుతున్న మా ఆవిడ సునంద చెయ్యి వెనక కుడికాలి మీద ఆగింది.

"ఏమయ్యా, గిటు రా. మోకాలి కింద ఏందో గింజలెక్క తాకుతుంది."

పట్టి చూశాను. శనగగింజంత ఉంది. వేలు పెడితే అటూ ఇటూ జరిగింది.

"కొవ్వు గడ్డనే. ఛాతి మీదిదానికి తమ్ముడు" అన్నాను.

ఛాతి మీద నిమ్మకాయంత గడ్డ రెండేళ్లుగా ఉంది. దానికి అప్పట్లోనే సూది పరీక్ష చేయించాం. ఎఫ్ఎన్ఏసీ అంటారు. లిపోమా, ఉత్త కొవ్వు, భయం లేదన్నారు.

నా ఉద్యోగమేమిటో చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. మిర్యాలగూడ రైస్ మిల్లు ఒకదానికి సూర్యాపేట మార్కెట్ యార్డులో ధాన్యం కొంటాను. రాశిలో చెయ్యి పెట్టి తేమ చెప్తానని పేరు. నన్ను చూసి తేమ కొలిచే మిషన్లు సిగ్గుతో రాజీనామా చేశాయని ఊరంతా చెప్పుకుంటారు. ఆ ప్రచారం చేసింది నేనే. యార్డులో ఒక రైతు రాశికి ఒకచోట నమూనా తీస్తే చాలు, మొత్తానికి ధర కట్టేస్తాం. కుక్కకూ అదే పద్ధతి అమలు చేశాను. ఒక కుక్క, ఒక రాశి. ఒక గడ్డ కొవ్వైతే అన్నీ కొవ్వే.

సునంద పోరు పడలేక సేటును తీసుకెళ్లి ఇదే చెప్తే వెటర్నరీ డాక్టరమ్మ ఒప్పుకోలేదు.

"దేని పరీక్ష దానికే చెయ్యాలె సార్. ఐదు నిమిషాల పని."

"ముసలోన్ని ఊకె పొడుసుడెందుకు మేడమ్? నా చేతికి తెలుస్తది."

"మీ చెయ్యి మైక్రోస్కోపా సార్?"

నవ్వేసి బయటికొచ్చాను. ఆ మాటకు చెప్పవలసిన జవాబులు దారిలో పద్నాలుగు తయారు చేసుకున్నాను. పరీక్ష మాత్రం చేయించలేదు.

సునంద తమ్ముడు కోదాడలో ఉంటాడు. మనుషులకు, పశువులకు, అడిగితే బోరు మోటార్లకు కూడా పనికొచ్చే సప్లిమెంట్లు అమ్ముతాడు. ఫోన్లో సంగతి వినగానే డబ్బాలతో బస్సెక్కాడు.

"కోతలెందుకు బావా? పసుపు క్యాప్సూల్, చేపనూనె, ఇదిగో ఈ పుట్టగొడుగుల పొడి. మూడు నెలలు వాడి చూడు, గడ్డ కరిగి నీళ్లయిపోద్ది."

డబ్బా మీద ఆ పొడి నయం చేసే రోగాల జాబితా మా వార్డు ఓటర్ల జాబితా కన్నా పొడవు. అడుగున ఎక్కడో, చీమ కూడా కళ్లద్దాలు పెట్టుకుని చదవవలసిన అక్షరాల్లో, ఇది మందు కాదు అని ఉంది. నేను చదివాను. మందు కాకపోతే సైడ్ ఎఫెక్టులూ ఉండవు కదా అని సంబరపడ్డాను.

ఇడ్లీలో క్యాప్సూల్ దాచి పెడితే సేటు ఇడ్లీ తిని, క్యాప్సూల్‌ను కడిగినంత శుభ్రంగా నా పాదం మీద ఉమ్మేవాడు. చివరికి నోరు తెరిపించి గొంతులో వేసేవాణ్ణి. వాడి మూతి, మా గోడలు, నా చొక్కాలు పెళ్లికి సిద్ధమైనట్టు పచ్చబడ్డాయి. వాడు ఒక్కసారైనా కరవలేదు. మింగాక నా చెయ్యి నాకేవాడు. ఇప్పుడది గుర్తొస్తే ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మూడో వారానికి గడ్డ తగ్గింది. నిజంగానే తగ్గింది. యార్డంతా చాటాను. గరిడేపల్లి నుంచి వడ్లు తెచ్చిన రైతుకు ధర చెప్పేముందు గడ్డ కథ చెప్పాను. తిరుమలగిరి పత్తి రైతు ఒకాయన తన కుక్క కోసం అదే పొడి అడిగి పట్టుకెళ్లాడు. అసలు సంగతి తెలిశాక ఆయన యార్డులో ఎదురైన ప్రతిసారీ బస్తాల చాటుకు తప్పుకున్నాను.

తరువాతి నెల గడ్డ జామకాయంతయి తిరిగొచ్చింది. ఎర్రబడింది, వెంట్రుకలు ఊడాయి. సేటుకు వాంతులు మొదలయ్యాయి. విరేచనం తారులా నల్లగా అయ్యేది.

"లోపలి విషం బయటికి పోతుంది బావా. డోసు పెంచు" అన్నాడు బామ్మర్ది.

పది రోజులు పెంచాను.

పదకొండో రోజు సునంద తను పనిచేసే స్కూలుకు సెలవు పెట్టింది. "ఆటో పిలిచిన. నువ్వొస్తే రా, లేకుంటే లేదు" అంది.

డాక్టరమ్మ ఈసారి నా అభిప్రాయం అడగలేదు. సూది గుచ్చి, గాజు పలక మీద రుద్ది, రంగు వేసి మైక్రోస్కోపులో చూసింది.

"మాస్ట్ సెల్ ట్యూమర్. క్యాన్సర్ సార్. దీనివల్లనే కడుపుల పుండ్లయినయి, గందుకే నల్లగ పోతుంది."

"మధ్యల తగ్గింది కద మేడమ్, పొడికి..."

"పొడికి కాదు. ఈ గడ్డ తీరే గంత. దానంతటదే ఉబ్బుతది, దానంతటదే తగ్గుతది. మీరేం పెట్టకపోయినా తగ్గేది."

ఆపరేషన్‌కు చీటీ రాయించుకుని సేటును మిర్యాలగూడ తీసుకెళ్లాం.

మిర్యాలగూడలో ఆపరేషన్ చేసిన సర్జన్ ఎక్స్‌రే కన్నా ముందు నా ముఖం చూశాడు. "శనగగింజంత ఉన్నప్పుడు తెస్తే చుట్టూ కొంచెం చర్మం తీసి కుట్టేవాళ్లం. ఇప్పుడు మోకాలి కింద అంత చర్మం ఎక్కడిది? కాలు తీయాల్సిందే." తీశారు. గజ్జల్లోని లింఫ్ నోడ్‌కూ క్యాన్సర్ కొంత పాకిందన్నారు.

మూడో రోజు బామ్మర్ది ఫోన్ చేశాడు. కుట్లు తొందరగా మానే పొడి కూడా ఉందట. సునంద ఫోన్ లాక్కుంది.

"తమ్మీ, నువ్వు ఉత్త చేతులతోని రా, అన్నం పెడత. డబ్బా పట్టుకొని వస్తే గడప తొక్కకు."

వాణ్ణి తిట్టే అర్హత నాకు లేదు. వాడు తెచ్చాడు. రోజుకు రెండు పూటలా నోరు తెరిచి వేసింది నేను.

ఇది జరిగి ఎనిమిది నెలలు. సేటు మూడు కాళ్ల మీద నడుస్తున్నాడు. మగకుక్క కదా, కరెంటు స్తంభం కనబడితే అలవాటుగా మిగిలిన వెనక కాలు ఎత్తబోయి కూలబడతాడు. అందుకని పొద్దున్నే వాడి నడుం కింద తువాలు వేసి పట్టుకుని నేను స్తంభం పక్కన నిలబడతాను. వీధంతా చూస్తుంది. చూడనివ్వండి. మాత్రలు నడుస్తున్నాయి. ఎన్నాళ్లుంటాడని అడిగితే డాక్టరమ్మ, "తింటున్నడు, తిరుగుతున్నడు. ఇప్పటికి గదే సూడుండ్రి" అంటుంది.

నేను చెప్పగలిగింది ఒక్కటే. ముసలి కుక్కకు ఎన్ని గడ్డలుంటే అన్నిటికీ విడివిడిగా సూది పరీక్ష చేయించండి. కనబడిన వారంలోనే చేయించండి. పొడులు, నూనెలు కొనాలనిపిస్తే ఆ రిపోర్టు పట్టుకుని డాక్టర్ను అడిగాకే కొనండి.

మొన్న సేటు మెడ మీద మరో గింజ సునంద చేతికి తగిలింది. నేను చెయ్యి పెట్టి చూడలేదు, ఆటో పిలిచాను. సూది, గాజు పలక, రంగు, మైక్రోస్కోపు. కొవ్వే అంది డాక్టరమ్మ. సంతోషంతో సునంద వైపు తిరిగాను. ఆమె గోడ గడియారం చూస్తోంది.

"గా కాలుకు గూడ గింత సేపే పట్టేది" అంది.