రెండో ఎక్స్‌రే

ఆ పొద్దున కోడుమూరులో మల్లక్క మగ్గానికి కండెలు చుట్టింది. గంప మగ్గం గుంట అంచున పెట్టి, "మామా, రేపటికి సరిపోతాయి" అంది.

ఆమె మొగుడు కాశన్న నవ్వాడు. "నేసేవాడు నీ యెంటే ఆసుపత్రికి వస్తాండాడు గదమే. రేపు ఎవురు నేస్తారు?"

ఆమె కూడా నవ్వి, కుడి పక్కటెముకల కింద చెయ్యి అదుముకుని అక్కడే కాసేపు కూర్చుంది.

ఏడాది కింద పుట్టింట్లో ఉన్నప్పుడు ఆమెకు కామెర్లు వచ్చి తగ్గాయి. ఆ తర్వాత పట్టుకున్న నొప్పి ఇది. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. యుద్ధం రోజులు కావడంతో బొగ్గుపొగతో నడిచే బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి ఇద్దరూ మిషను ఆసుపత్రికి చేరారు.

సుందరం డాక్టరు కాశన్నను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"కడుపులో పిత్తం నిలవుండే చిన్న సంచి ఉంటుంది. సాయంత్రం ఈ బిళ్లలు మింగితే పొద్దునకు ఆ సంచి ఎక్స్‌రేలో కనపడుతుంది. తర్వాత నెయ్యి, వెన్న దండిగా వేసి అన్నం పెడతాం. నెయ్యి లోపల పడితే సంచి ముడుచుకుని పిత్తాన్ని వదలాలి. రెండో ఎక్స్‌రేలో సంచి చిన్నదైతే దారి బాగున్నట్టు, ఇంటికి పోవచ్చు. అట్లే ఉంటే రాయి అడ్డుపడి దారి మూసుకున్నట్టు. కోయాల్సిందే."

"కోస్తే బతుకుతాదా సామీ?"

"శానామంది బతుకుతారు" అన్నాడు డాక్టరు.

మర్నాడు మొదటి ఎక్స్‌రే పటం తీశారు. చిన్న వంకాయంత నీడ కనపడింది. తర్వాత నర్సు పళ్లెం తెచ్చింది. ఆడవాళ్ల వార్డులోకి మగవాళ్లను రానివ్వరు. వాకిట్లో నిలబడిన కాశన్నకు నెయ్యి వాసన తగిలింది. మగ్గం ఇళ్లల్లో నెయ్యి పండగనాడు కూడా అనుమానమే.

"ఏమ్మే, పెండ్లికొడుకు మర్యాదలు చేస్తాండారే నీకు! మిగల్చాకు!" అని కేకేశాడు.

"నోరు మూసుకోని ఆడ కూచో మామా" అంది మల్లక్క లోపలినుంచి. వార్డులో ఆడవాళ్లంతా నవ్వారు.

పళ్లెం ఖాళీగా బయటికి వచ్చింది.

రెండో పటంలో వంకాయ అంతే ఉంది. డాక్టరు రెండు పటాలనూ కిటికీ వెలుతురుకు పక్కపక్కనే పెట్టి చూపించాడు. తేడా లేదు. కాశన్న కోతకు సరేనన్నాడు.

కోత అయ్యాక డాక్టరు బయటికి వచ్చాడు.

"రాయి లేదు కాశన్నా. దారి బాగానే ఉంది. సంచి ఎందుకు ముడుచుకోలేదో నాకు తెలియడం లేదు."

తర్వాత జ్వరం వచ్చింది. వారం తిరక్కుండానే మల్లక్క పోయింది. ఆసుపత్రి వాళ్లు నలుగురు సాయం వస్తే అక్కడే వంక ఒడ్డున మట్టి చేశాడు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి వానల సంగతి అడిగితే, మా పక్క పడలేదని చెప్పాడు. ఇల్లు చేరాక మగ్గం దగ్గర కూర్చున్నాడు. నేశాడు.

మరుసటి ఏడు కోడుమూరు సంతలో ఒక కుంటి ఆమె అతని చీరలు బేరం చేస్తూ, ఉన్నట్టుండి ముఖంలోకి చూసింది.

"అన్నా, నేను విశ్వాసమ్మను. కాలిరిగి ఆసుపత్రిలో మీ ఆడమనిషి పక్క మంచంలో పడుంటి. ఆమెను కోతకు తీసకపోయిన పొద్దే నన్ను ఇంటికి పంపిరి. ఎట్లుండాది మల్లక్క?"

"పోయింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో. శానా మంచిదన్నా. గంజి తాగి పడున్నదాన్ని, ఆ పొద్దు తన నెయ్యన్నం నాకిచ్చె. 'కామెర్లకు ఆకుమందు తిన్యా, మూడేండ్లు నెయ్యి ముట్టగూడదంట, ముడితే తిరగబెడతాదంట, నువ్వు తినక్కా' అనె. 'నర్సమ్మకు చెప్పాకు' అనె."

కాశన్న చేతిలోని చీర మడత పెట్టాడు.

"అంతా నువ్వే తింటివా?"

"అంతా నేనే తింటినన్నా" అంది విశ్వాసమ్మ.