పదిహేడో నంబరు బిళ్ళ

దీపాలమ్మ చెయ్యి పడని దీపం గనిలోకి దిగేది కాదు. ముప్పై ఏళ్ళు దీపాల గది ఆవిడదే. లోపలికి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను అక్కడి చెక్క పలక మీద మేకుకు తగిలించి దీపం పట్టుకెళ్ళాలి. పైకొచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకోవాలి. మేకులన్నీ ఖాళీ అయితేగానీ ఆవిడ గదికి తాళం వేసేది కాదు.

గని మూతపడ్డాక ఎవరి బిళ్ళ వాళ్ళింటికి చేరింది. దీపాలమ్మ గనికి ఎదురుగా ఉన్న మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు పెట్టుకుంది. పలకను కొట్టు గోడకు బిగించి, వారానికోసారి తుడిచేది.

దీపాల గదిని మ్యూజియం చేస్తూ, దాన్ని చూసుకునే అమ్మాయి ఆ పలక అడిగింది. దీపాలమ్మ వెంటనే ఒప్పుకుంది. దానికి అద్దం బిగిస్తారని వినగానే ముఖం ముడుచుకుంది.

"మేకన్నాక ఏదో ఒకటి తగిలించాలిగా, అమ్మాయ్. అద్దం వేస్తే ఎట్లా?"

"పాడవకుండా ఉంటుందనండీ."

"ముప్పై ఏళ్ళు వాడితే పాడవలేదు, చూస్తే పాడవుతుందా?"

అమ్మాయి నవ్వింది గానీ, సోమవారం రమ్మని అద్దాలవాడికి చెప్పేసింది.

శనివారం ప్రారంభం. గనిలో చేసినవాళ్ళంతా ఇస్త్రీ చొక్కాల్లో వచ్చారు. గది వెనక కొత్తగా కట్టిన నమూనా సొరంగం ముందు, ఎవరూ చెప్పకుండానే వరస కట్టారు. జేబుల్లోంచి బిళ్ళలు తీసి, అక్కడ బిగించిన పాత పలక మీద ఎవరి మేకుకు వాళ్ళు తగిలించి లోపలికెళ్ళారు. పలక పక్కన కుర్చీలో కూర్చున్న దీపాలమ్మ ఒక్కొక్కరికీ తలూపింది.

సాయంత్రం అమ్మాయి తాళాలు పట్టుకొచ్చేసరికి పదిహేడో నంబరు ఇంకా వేలాడుతోంది.

"అందరూ వెళ్ళిపోయారండీ. ఎవరో మరిచిపోయుంటారు."

"అన్నం తినడం మరిచిపోతారేమో గానీ, బిళ్ళ మరవరు. అది మా మరిదిది. పద."

సొరంగం చివర, పలుగు పట్టుకున్న మట్టిబొమ్మ పక్కన, బెంచీ మీద మరిది గుర్రు పెడుతున్నాడు.

"ఏమయ్యా, షిఫ్టు అయిపోయి పదకొండేళ్ళయింది. లే."

ఆయన కళ్ళు నులుముకున్నాడు. "అప్పట్లో ఇక్కడ కునుకు తీస్తే మేస్త్రీ ఊరుకునేవాడా, వదినా? ఇన్నాళ్ళకి కుదిరింది."

తాళం వేసుంటే సోమవారం దాకా తెరిచేవాళ్ళు లేరని అమ్మాయికి అప్పుడు తట్టింది. మరిది బిళ్ళ తీసుకున్నాడు. దీపాలమ్మ మేకులన్నీ పైనుంచి కిందిదాకా చూసి, "ఇప్పుడు వెయ్యి" అంది.

అమ్మాయి తాళం వేసి, గుమ్మంలోనే నిలబడి, అద్దాలవాడికి ఫోన్ చేసి రావద్దంది. ఆ తర్వాత చూడ్డానికొచ్చేవాళ్ళకి కూడా బిళ్ళలు చేయించింది.

దీపాలమ్మ పోయిన రోజున ఆ అమ్మాయి వాళ్ళింటికి అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. మేకులు ఖాళీ అయ్యేదాకా ఆగానని చెప్పింది. మరిది లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు.