మా బండికి దసరా స్నానం

మా ఆయన ఉద్యోగం, ఒక మెకానిక్ పరువు, ఒక ముసలి మోటారు సైకిలు ప్రాణం. ఈ మూడింటినీ ఒకే పొద్దున, తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ ముంచబోయిన ఘనత నాది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ మా వీధివాళ్లు ఇప్పటికే తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు, ఒక్కో నోటికి కథ గజం చొప్పున పెరుగుతోంది. అసలు కొలత నేనే చెప్పడం నయం.

మేం సూరత్‌లోని డిండోలిలో ఉంటాం. మా ఆయన నర్సయ్య అప్పుడు పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడిపేవాడు. మా బండి మూడు చేతులు మారి మా ఇంటికొచ్చింది. దాని దగ్గు గల్లీ మొదట్లో వినపడితే నేను పొయ్యి మీద చాయ్ పెట్టేదాన్ని. రోజూ దానికి దండం కూడా పెట్టుకునేదాన్ని. మన మనిషిని క్షేమంగా తీసుకెళ్లి తీసుకొచ్చేదానికి దండం పెడితే తప్పేముంది చెప్పండి.

దసరాకు ఇక్కడి మా తెలుగువాళ్లు మగ్గాలకూ కత్తెరలకూ బండ్లకూ పూజ చేస్తారు. ఆ ఏడు నాకు పూజ మీద మరీ గురి ఎక్కువైంది. ఎందుకంటే మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఇచ్ఛాపూర్‌లోని ఒక ఫ్యాక్టరీలో ఆయనకు ఫిట్టర్ పనికి పరీక్ష. అది కుదిరితే పన్నెండు గంటల డ్యూటీ పోయి ఎనిమిది గంటల డ్యూటీ వస్తుంది. పెళ్లయిన ఇన్నేళ్లకు నా మొగుడి మొహం వెలుతురులో చూసుకునే భాగ్యం కలుగుతుంది. అంత పెద్ద వరం అడుగుతూ బండిని తడిగుడ్డతో తుడిచి ఊరుకుంటే ఏం బాగుంటుంది? అభిషేకమే చేద్దామనుకున్నాను.

సైలెన్సర్‌లోకి నీళ్లు పోకూడదని ఆయన ఎప్పుడో అన్నది గుర్తుంది. దానికి నా దగ్గర ఉపాయం ఉంది. చీరల కార్ఖానాల్లో మిగిలిన గుడ్డ పీలికల్ని ఇక్కడ చిందీ అంటారు. మా ఇళ్లల్లో కారే నల్లాకు చిందీ, కొట్టుకునే కిటికీకి చిందీ, ఎలుక కన్నానికి చిందీ. పూజ కదా అని, జరీ అంచున్న ఎర్ర పీలిక ఒకటి ఏరి, సైలెన్సర్ నోట్లో వేలు పట్టినంత లోతుకు కుక్కాను. తర్వాత ఏడు బిందెల నీళ్లు, పసుపు, కుంకుమ, బంతిపూల దండ, హారతి. అన్నీ గుర్తుపెట్టుకుని చేశాను. చిందీ తీయడం ఒక్కటే మరిచిపోయాను. పూజ చేసిన బండిని ఆ రోజు బయటికి తీయకూడదని మా ఇంటి పద్ధతి కాబట్టి, అది ఆ రాత్రంతా నోరు మూసుకునే నిద్రపోయింది.

మర్నాడు ఏడున్నరకు ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సెల్ఫ్ నొక్కాడు. ఇంజిను గిరగిరా తిరిగింది, అంటుకోలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ తిరిగింది. జాతరలో రంగులరాట్నం కూడా అంత చక్కగా తిరగదు.

"నిన్నటిదాంక మంచిగనే ఉండె గదనే. ఏం జేసినవ్ దీనికి?" అన్నాడు.

"పూజ జేసిన" అన్నాను. అబద్ధం కాదు.

పక్కింటి భూమన్న నోట్లో పందుంపుల్లతోనే వచ్చాడు. వావి ఏమీ లేకపోయినా మా ఆయన ఆయన్ని బావా అంటాడు, నేను అన్నా అంటాను. భూమన్న ఒకసారి వరంగల్ నుంచి సూరత్ దాకా లారీలో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చాడు. ఆనాటి నుంచి ఇంజిన్ల విషయంలో మా వీధికి ఆయన మాటే ఆఖరి మాట. ట్యాంకు మూత తీయించి ఊపాడు, పెట్రోలు గలగలమంది. పెట్రోలు నల్లా తిప్పి చూశాడు, తెరిచే ఉంది. ఇంజిను ఆపే ఎర్ర స్విచ్చు చూశాడు, చోక్ లాగాడు, ప్లగ్ విప్పించాడు. అది తడిసి ఉంటే తుడిచి, ఇంజిన్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టించాడు. నీలం నిప్పురవ్వ చిటుక్కుమంది, ప్లగ్ మళ్లీ బిగించారు. పీలిక కుక్కిన చోటు తప్ప మిగతా బండంతా నవనవలాడుతోంది.

భూమన్న పుల్ల పారేసి తీర్పు చెప్పాడు. "ఇంజిన్‌కు మూడే గావాలె బావా. పెట్రోలు, నిప్పు, గాలి. రెండున్నయి. ఇగ గాలి లోపలికి పోతుందో లేదో సూడాలె."

లోపలికి పోయే గాలి అనగానే బయటికి రావలసిన గాలి నాకు గుర్తొచ్చింది. చిందీ ఇంకా సైలెన్సర్‌లోనే ఉంది.

ఇక్కడ మీరు, 'అప్పుడే చెప్పేయొచ్చు కదమ్మా' అంటారు. బుద్ధి ఉన్నదైతే చెప్పేది. అప్పటికే వీధిలో పదిమంది చేరారు. అంతమంది ముందు నా తెలివి బయటపెట్టుకోలేక, దొంగచాటుగా లాగేద్దామని బండి చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాను. వెనక చక్రం దగ్గరికి రాగానే వంగి దండం పెడుతున్నట్టు సైలెన్సర్‌లో వేలు పెట్టాను. రాత్రంతా నానిన గుడ్డ నా వేలికి అందకపోగా ఇంకా లోపలికి జరిగింది. రెండో ప్రదక్షిణానికి జడపిన్నుతో ప్రయత్నించాను. ఇంకా లోపలికి వెళ్లింది. మూడోసారి వంగేసరికి ఆయనకు ఒళ్లు మండింది.

"నిన్న జేసిన పూజ సాలలేదా? జర పక్కకు జరుగు."

జరిగాను. అప్పుడే ఆయనకు మెకానిక్ కనుభాయ్ గుర్తొచ్చాడు. మా వీధి చివర అతని దుకాణం. నాలుగు రోజుల కింద కొత్త ప్లగ్ వేసింది అతనే. మంచి ప్లగ్ గుంజుకుని ఖరాబుది పెట్టాడని ఈయన, మొదటి నుంచీ తనకు అనుమానమేనని భూమన్న. అయిదు నిమిషాల కిందట నీలం నిప్పురవ్వను చూసి మురిసిపోయిన నోళ్లే ఇవి. కనుభాయ్‌ని పిలుచుకురావడానికి మనిషి వెళ్లాడు. నేను గుమ్మంలో నిలబడి, ఆ మంచి మనిషికి మాట రాకుండా చూడు తండ్రీ అని దేవుణ్ణి వేడుకున్నాను. ఆ మాట రాకుండా ఆపగలిగింది నేనొక్కదాన్నేనని దేవుడికి తెలిసే ఉంటుంది. అందుకే ఆయన కలగజేసుకోలేదు.

కనుభాయ్ గుజరాతీ మనిషి. మావాళ్ల మధ్య ఉండి ఉండి తెలుగు పట్టుబడింది. మాటలు పడుతూనే నేల మీద కూర్చున్నాడు. ఒక్కసారి సెల్ఫ్ కొట్టమన్నాడు. అరచెయ్యి సైలెన్సర్ దగ్గర పెట్టాడు. అరచేతికి గాలి తగల్లేదేమో, చెయ్యి అక్కడే ఉంచి కాసేపు ఆకాశంలోకి చూశాడు. తర్వాత జేబులోంచి వంపు తిరిగిన తీగ ఒకటి తీసి లోపలికి పంపి మెల్లగా లాగాడు.

ఎర్ర చిందీ బయటికొచ్చింది. వస్తూనే ఉంది. మూరెడు వచ్చాక జరీ అంచు తళుక్కుమంది. అంత పొడుగుదాన్ని ఎలా కుక్కానో నాకే ఆశ్చర్యం.

మా ఆయన ఊగిపోయాడు. "సూసినవా బావా. కావాలనే పెట్టిండు. మల్ల తననే పిలుస్తరని పెట్టిండు."

కనుభాయ్ మొహం నల్లబడింది. చిందీ చేతిలో అలాగే వేలాడుతోంది. ముప్పై ఏళ్లుగా ఆ వీధి చివర కూర్చున్న మనిషి. అతని దుకాణం వైపు చూసి ఇద్దరు ముగ్గురు తలలూపారు కూడా. అది చూశాక నా గొంతు దానంతటదే తెరుచుకుంది.

"నేనే పెట్టిన. నీళ్లు వోవద్దని పెట్టిన. తీసుడు మర్శిన. కనుభాయ్‌ని ఏమనకుండ్రి."

ఎప్పుడు గుర్తొచ్చిందే అని మా ఆయన చాలా నెమ్మదిగా అడిగాడు. భూమన్న 'గాలి' అన్నప్పుడే అని చెప్పాను. తిట్టినా బాగుండేది. కనుభాయ్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఆయన వెనక నేనూ జోడించాను. తల మాత్రం ఎత్తలేకపోయాను.

కనుభాయ్ చిందీని పిండి, దులిపి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు. "బెన్, చెల్లే, దేవునికి గుడ్డ పెట్టినవ్, బహుత్ అచ్ఛా. ముక్కుల పెట్టొద్దు" అన్నాడు.

వీధి వీధంతా విరగబడి నవ్వింది. బండి ఒక్క సెల్ఫ్‌కే అంటుకుంది. ఆయన ఫ్యాక్టరీకి వెళ్లేసరికి తొమ్మిదీ పావు. ఆలస్యమెందుకైందని అక్కడి అధికారి అడిగితే ఈయన ఉన్నదున్నట్టు చెప్పాడట. ఆ అధికారి పెట్రోలు, ప్లగ్, చోక్, ఏది ఏ వరసలో చూశారో మొత్తం చెప్పించుకుని, అన్నీ చూసి పొగ పోయే దారి ఎందుకు చూడలేదని అడిగాడట. మా ఇంటిది దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది సార్, నన్ను పోనియ్యలేదు అన్నాడట ఈయన. అదే పరీక్ష అయిందో ఏమో, ఉద్యోగం ఇచ్చారు. ఆ అధికారి ఎవరో, చల్లగా ఉండాలి.

ఆ సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, మా ఆయన బండి మీద వెనక కూర్చుని, కొబ్బరికాయా మిఠాయీ పట్టుకుని కనుభాయ్ దుకాణానికి వెళ్లాను. బండి ట్యాంకు మీద చెయ్యి వేసి, అందరూ వినేలా ఒట్టు పెట్టాను: ఈ ఒంట్లో ఊపిరుండగా ఏ యంత్రం ఊపిరీ ముయ్యను, నా తప్పుకు ఇంకొకరు మాట పడుతుంటే నా నోరూ ముయ్యను.

కనుభాయ్ చాలా శ్రద్ధగా విన్నాడు. ఒట్టు పూర్తయ్యాక, మెల్లగా బండి వెనక్కి వెళ్లి, సైలెన్సర్‌లో వేలు పెట్టి చూసుకున్నాడు.